తోడేలు పక్షాన మా నాయన

మా నాయన సింగపూరుకు ఒకే ఒక్కసారి వచ్చాడు. కంప్యూటర్లలో సంవత్సరం చివరి రెండంకెల గొడవ సర్దడానికి ప్రపంచమంతా మా బోటి వాళ్ళను రమ్మని పిలుస్తున్న రోజులవి. నేనొక బ్యాంకు ప్రోగ్రాముల్లో తేదీలు వెతుక్కుంటూ పొద్దున పోతే చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని. మా ఆయనదీ అదే బతుకు. యూ టీ అనే పేటలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు, ఐదేళ్ళ కూతురు. దాన్ని చూసుకునే పనమ్మాయి మానేసి వెళ్ళిపోవడంతో నాయనను పిలిపించుకున్నాను. ప్రేమతో పిలిచానని రాసుకుంటే చదవడానికి బాగుంటుంది. కానీ అవసరానికే పిలిచాను.

నాయన మీద నాకు కోపం ఉండేది. అది తోడేలు తెచ్చిన కోపం.

మాది అనంతపురం జిల్లాలో వాన మొహం చూడని పల్లె. ఇంట్లో నలభై జీవాలు. గొర్రెల్ని, మేకల్ని మేం అలాగే అంటాం. నాకు ఏడేళ్ళప్పుడు, వేరుశనగ పీకేసిన చేలో, పట్టపగలు, ఒక తోడేలు మందను వదిలేసి తిన్నగా నా మీదికొచ్చింది. పిక్క పట్టుకుంది. నాయన కట్టెతో నాలుగు బాదితే వదిలింది గానీ పరుగెత్తలేదు. తాగినవాడిలా తూలుకుంటూ కంపల్లోకి పోయింది.

మరుసటి రోజు నుంచి బొడ్డు చుట్టూ సూదులు, రోజుకొకటి చొప్పున పద్నాలుగు. టౌను ఆసుపత్రికి పొద్దున్నే బస్సు. బస్సెక్కిన దగ్గర్నుంచే నాకు ఏడుపు. సూది వేసేటప్పుడు నా మొహాన్ని భుజానికి అదుముకుని నాయన గోడకేసి చూసేవాడు.

ఊరు ఊరంతా కదిలింది. గుట్టలో తోడేళ్ళుండే గవి, ఆ రాతి గుహ, ఎక్కడుందో అందరికీ తెలుసు. దాని నోటికి కంప అడ్డమేసి పొగ పెడితే పిల్లలతో సహా పీడ వదులుతుందన్నారు. ఫారెస్టు గార్డు సైకిలేసుకుని వచ్చి, తోడేలును చంపితే జైలే అన్నాడు. "చట్టం తోడేలుకేనా, మనుషులకు లేదా?" అని ఎవరో గార్డు చొక్కా పట్టుకున్నారు. అప్పుడు మా నాయన పోయి గార్డు పక్కన నిలబడ్డాడు. "పది దినాలు తాళండి. గవి జోలికి ఎవురూ పోవద్దు" అన్నాడు. తోడేలు కరిచింది ఆయన బిడ్డనే కాబట్టి ఊరు ఆగింది. కానీ పది రోజులు దాటాక కూడా నాయన ఎవర్నీ పోనివ్వలేదు.

అమ్మ సంగటి కెలుకుతూ తెడ్డు నేలకేసి కొట్టి అడిగింది. "కన్నబిడ్డ కంటే తోడేలు ఎక్కువైందా నీకు?" నాయన కట్టె తీసుకుని జీవాల దొడ్డికేసి పోయాడు. ఆ మాట అమ్మ మరిచిపోయింది. నేను మరవలేదు. జీవాలమ్మి నన్ను ఎంసీఏ చదివించినప్పుడూ ఆ ప్రశ్న నా కడుపులోనే ఉంది, విమానమెక్కిస్తూ నాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టినప్పుడూ ఉంది. ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి అడిగేస్తే పోయేది. అడిగితే నిజంగానే "అవును" అంటాడేమోనని భయం.

గొర్రెలు కాసిన కాళ్ళు ఫ్లాటులో ఆగవు. కిండర్‌గార్టెన్ నుంచి మనవరాలు రాగానే ఇద్దరూ కిందికి దిగేవాళ్ళు. మా బ్లాకు వెనక ఒక కాలువ, దాని అవతల గడ్డి, పొదలు. అక్కడో కుక్కల గుంపు ఉండేది. బిల్డింగులు కట్టేటప్పుడు కాపలాకని సైటులో పెంచుతారు. కట్టడం అయిపోయాక పనివాళ్ళు ఇంకో సైటుకు పోతారు, కుక్కలు అక్కడే మిగిలిపోతాయి. అలా మిగిలిపోయినవే ఇవి.

మా గొర్రెల వాళ్ళకో పద్ధతి ఉంది. గొర్రె ఈనితే పడే మాయను, చచ్చిన పిల్లను మందకు దూరంగా, ఎప్పుడూ ఒకే చోట పడేసి వస్తారు. తోడేలుకు దాని వాటా అక్కడే దొరికితే దొడ్డి దాకా రాదని నమ్మకం. నాయన సింగపూరులోనూ అదే చేశాడు. మిగిలిన అన్నం, చికెన్ ఎముకలు ఎర్ర ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, రోజూ ఒకే వేళకు కాలువ అంచున పెట్టి వచ్చేవాడు. "వాటికింత ఆడ పెడ్తే ఇండ్లకాడికి రావు పాపా. మీ అమ్మకు చెప్పొద్దు" అన్నాడట. "ఓకే లా, తాతా" అందట నా కూతురు, ఇక్కడి వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి. ఆ మాట మీదే నిలబడింది గడుగ్గాయి.

ఒక రోజు మోకాలు నొప్పని నాయన దిగలేదు. వేళ దాటేసరికి కుక్కలే కాలువ దాటి వచ్చాయి. నాలుగో అంతస్తులో ఉండే చైనా వాళ్ళ అమ్మాయి, పన్నెండేళ్ళుంటాయేమో, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్ నుంచి నూడుల్స్ కట్టించుకుని వస్తోంది. చేతిలో ఎర్ర ప్లాస్టిక్ సంచి. కుక్కలు చుట్టుముట్టాయి. పిల్ల భయపడి పరుగెత్తింది, పడింది. సంచి లాక్కునే గొడవలో ఒక కుక్క పన్ను పిక్కలో దిగింది.

సంగతి నాకు సాయంత్రం తెలిసింది. మిగతాది నా కూతురు చెప్పేసింది. "తాతా బ్యాగ్ ఆల్సో రెడ్, మమ్మీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసు సంచి భుజానే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. "నీకు మనుషుల పిల్లల కంటే ఇవే ఎక్కువ నాయనా! అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే!" అని అరిచాను. ఇరవై ఐదేళ్ళు దాచుకున్న మాట అంత అడ్డదిడ్డంగా బయటికొచ్చింది.

నాయన "ఆ బిడ్డకు సూదులేసినారా?" అన్నాడు.

"ఒకటేశారు, టెటనస్ ది."

"ఒగటేనా? పద్నాలుగెయ్యాల! పా, పోయి చెప్దాం పా."

ఈ దేశంలో పిచ్చికుక్కల జబ్బు లేదని, ఎప్పుడో తుడిచిపెట్టేశారని చెప్పాను. కుక్క ఉండి జబ్బు లేకపోవడమేమిటో ఆయనకు ఎక్కలేదు. ఆ తర్వాత రోజూ లిఫ్టులో నాలుగో అంతస్తుకు పోయి, వరండాలో ఆ పిల్ల కనబడేదాకా నిలబడి వచ్చేవాడు. ఒకసారి ఆ పిల్ల తల్లి నన్ను ఆపి, మీ నాన్న మా అమ్మాయికి సీసాలో నీళ్ళు తెచ్చి తాగమని సైగ చేస్తున్నాడు, ఏమిటి సంగతని అడిగింది. కుక్కపిచ్చి ఎక్కినవాళ్ళు నీళ్ళు చూస్తే బెదురుతారు. ఆ పిల్ల నీళ్ళు తాగుతోందో లేదో చూస్తున్నాడని ఆమెకు ఎలా చెప్పను? మా ఊళ్ళో అలాగే మర్యాద చేస్తారని అబద్ధమాడాను.

ఆదివారం సాయంత్రం బ్లాకు కింద మీటింగు పెట్టారు. ఖాళీగా ఉండే ఆ కింది అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు, ముప్ఫై మందిమి. కుక్కల్ని పట్టుకుపొమ్మని సర్కారు ఆఫీసుకు ఉత్తరం పెట్టాలని, అందరూ సంతకం చెయ్యాలని ముందు కూర్చున్న రిటైరైన చైనీస్ అంకుల్ అన్నాడు. పట్టుకుపోతే అవి తిరిగి రావని అందరికీ తెలుసు. మా పక్కింటి మలయ్ ఆంటీ లేచి, అవేం పాపం చేశాయి, పొదలన్నీ కొట్టేసి ఇళ్ళు కట్టింది మనం కాదా అంది. మాటా మాటా పెరిగింది. కరిచింది మీ మనవరాలినైతే తెలిసేదని వెనక నుంచి ఎవరో అన్నారు.

మా నాయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "పాపా, నేను చెప్పేది వీళ్ళకు చెప్పు" అన్నాడు.

"కూర్చో నాయనా, నీకెందుకు?"

"చెప్పు."

చెప్పక తప్పలేదు. ఆయన ఒక ముక్క చెప్పడం, నేను దాన్ని ఇంగ్లీషులో అనడం.

"తప్పు నాది సామీ. కుక్కలకు అన్నం అలవాటు చేసింది నేను. ఆ బిడ్డ తల్లి నన్ను మన్నించాల." నేను ఇంగ్లీషులో చెప్పగానే గుసగుసలు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "సంతకం పెట్టాలంటే పెట్టుకోండి. మీ బిడ్డలకంటే కుక్కలు ఎక్కువని నేననను. నా బిడ్డను తోడేలు కరిచిండాది. బిడ్డ ఏడుస్తాంటే ఎట్లుంటాదో నాకు తెల్సు."

"ఈయన కూతుర్ని తోడేలు కరిచిందట" అని చెప్పాను, ఆ కూతురెవరో నాకు తెలియనట్టు.

"మా ఊరోళ్ళు గవికి పొగ పెడ్తామన్న్యారు. నేను వద్దంటి. ఎందుకంటే కాంపౌండరు చెప్పినాడు, కరిచిన జంతువు పది దినాలు బతికుంటే దానికి పిచ్చి లేనట్టే, మిగిలిన సూదులు అక్కర్లేదని. ఆ బిడ్డ సూదికి ఏడ్చే ఏడుపు నేను తట్టుకోలేకపోతి. తోడేలు బతికుండేది కండ్లారా చూస్తే సూదులు మాన్పిద్దామని దినామూ బస్సు దిగి గుట్టకు పోతి."

నేను ఇంగ్లీషులో చెప్పడం ఆపేశాను. అందరూ నా వైపే చూస్తున్నారు. చైనీస్ అంకుల్ చెవి రిక్కించాడు. ఇంగ్లీషు తట్టడం లేదనుకున్నాడు నాయన. "కష్టమైన మాటయితే ఇడ్సిపెట్టు పాపా" అన్నాడు మెల్లగా.

విడిచిపెట్టలేదు. ఒక్కో మాటా పట్టుకుని చెప్పాను.

"అయిదో దినం దొరికింది. కంప కింద చచ్చిపడుండాది, నోట్లో నురగ. దానికి పిచ్చే. బిడ్డకు పద్నాలుగూ ఏయించినా. తోడేలు పిచ్చిదని ఎవురికీ చెప్పలే, బిడ్డ తల్లికి సైతం. చెప్తే ఊర్లో ఆ బిడ్డ దగ్గరికి ఎవురు రానిస్తారు? ఎవురు ఆడనిస్తారు? ఆడనే గుంత తీసి పూడ్చినా. గవిలో ఉండేవి వేరేవి. కరిచిందేమో చచ్చె, వాటినెందుకు చంపేది? ఊరు నన్ను ఇప్పటికీ తోడేళ్ళ పక్షమోడంటాది. అననీ. ఈడ మా ఊరోళ్ళు ఎవురూ లేరు గాబట్టి చెప్తాండా."

ఆ ఉత్తరం ఆగలేదు. రెండు వారాల్లో కుక్కల్ని పట్టుకుపోయారు, మలయ్ ఆంటీ ఆ రోజు తలుపు తియ్యలేదు. నేను సంతకం చెయ్యలేదు. అదేమంత గొప్ప సంగతి కాదు, నా ఒక్క సంతకం లేకపోయినా కాగితం నిండింది. నాయన మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మీటింగయ్యాక నాలుగో అంతస్తు పిల్ల తల్లి కుర్చీలు సర్దుతూ వచ్చి ఆయన చేతిలో ఒక నారింజ పండు పెట్టింది.

మీటింగు ముగిసే ముందు చైనీస్ అంకుల్ ఒకటి అడిగాడు. సంతకాల కాగితం పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, నేరుగా నాయననే అడిగాడు. ఆ పిల్ల ఏమైంది? బతికిందా?

నేను తెలుగులో చెప్పాను. "ఆ పిల్ల బతికిందా అని అడుగుతున్నాడు నాయనా."

నాయన నా వైపు తిరిగాడు. నేను ఊరొదిలాక ఆయన నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"బతికింది అని చెప్పు. బాగా చదివింది అని చెప్పు" అన్నాడు. ఆ పైన, "నామీద కోపం మాత్రం ఇంగా పోలేదని చెప్పు" అన్నాడు.

అంకుల్‌కి ఇంగ్లీషులో ఏం చెప్పానో గుర్తు లేదు. నాయనకు మాత్రం తెలుగులో చెప్పాను.

"పోయింది నాయనా."