అక్క కూర్చున్నాక బిగించిన నట్లు

మా కారును కొత్తగా చూసినవాళ్లు ముందు అడిగేది "ఇది కారా, వ్యానా?" అని. కారే. కాకపోతే డిక్కీ ఉండాల్సిన చోట కూడా పైకప్పు అలాగే చివరిదాకా సాగి, వెనకో పెద్ద తలుపుతో ఆగుతుంది. కాగితాల్లో ఎస్టేట్ కారు అని ఉంటుంది. మా నాయుడుపేట చుట్టుపక్కల అందరికీ అది పొడుగు బండి.

మా బావ కృష్ణపట్నం పోర్టులో పనిచేసే రోజుల్లో దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. మూడేళ్ల కింద ఆయన పోయాక, అక్క తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దీన్ని మాత్రం ఎవురికీ ఇచ్చేయబాక. నువ్వు తోలు. నేను అడిగిన చోటికి తీసకపో, చాలు" అంది.

నన్ను పెంచింది అక్కే. నా చిన్నప్పటి నుంచి నాకు కావలసినవి ఆమె అడిగి మరీ అమర్చిపెట్టిందే తప్ప, తనకోసం నన్ను ఒక్కటీ అడగలేదు. అడిగిన ఆ ఒక్క మాటనూ నిలబెట్టుకోలేకపోతే నేనెందుకు అనిపించింది. అప్పటి నుంచి ఆమె ఎక్కడికి బయల్దేరినా నేను డ్రైవరును. ఆమె వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంటుంది. నా డ్రైవింగంటే భయమని, అందుకే నాకు వీలైనంత దూరంగా కూర్చుంటుందని నాకు నేనే తేల్చుకున్నాను. కొంచెం రోషంగానే ఉండేది, పైకి అనలేదు.

రెండేళ్ల నుంచి బండి వెనకభాగం మోత మొదలుపెట్టింది. చిన్న గుంటకు "టక్" అనేది, పెద్ద గుంటకు "దడేల్" అనేది. మాది వరి పండించే ఇల్లు. మా ఇంట్లో ఏ సమస్య వచ్చినా ముందు గుర్తొచ్చేది వడ్ల బస్తా. తలుపు కొట్టుకుంటుంటే దానికి అడ్డంగా బస్తా పెడతాం, టార్పాలిన్ గాలికి లేస్తుంటే దానిమీద బస్తా వేస్తాం. అలాగే కారు వెనక రెండు బస్తాల వడ్లు పడేశాను. మోత తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ రెండు బస్తాలనూ ఊరూరా ఊరేగించాను. వానాకాలం వచ్చాక వెనక తలుపు రబ్బరులోంచి నీళ్లు కారి, ఒకరోజు చూస్తే బస్తా కుట్లలోంచి పచ్చగా మొలకలు! కార్లో నారు పోసిన రైతును ఈ జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను. బస్తాలు దించేశాను. మోత రెట్టింపయి తిరిగొచ్చింది.

ఆ వారమే జరిగింది అసలు సంగతి. సూళ్లూరుపేటలో ఉన్న కూతురి కోసం అక్క చేపల పులుసు వండి, క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా ఊరి బస్టాపు ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది. నేను చూసుకోలేదు. దడేల్! అక్క తల పైకప్పుకు తగిలింది, పులుసు పట్టుచీర మీదికి వచ్చింది. ఆమె అరవలేదు. దిగి, కొంగు దులుపుకుని, నావైపు చూసింది.

"ఈ బండి బాగయిందాకా నేనెక్కను. బస్సులో పోతా."

అన్నట్టే బస్సెక్కింది. ఆమె సంచులు మాత్రం నా కార్లోనే ఉన్నాయి. ఏం చేస్తాను, బస్సు వెనకాలే సంచులేసుకుని సూళ్లూరుపేట దాకా పోయాను. తర్వాత రెండు నెలలూ అదే వరస. ముందు బస్సులో అక్క, వెనక కార్లో అక్క సంచులు. ఆ బస్సు కండక్టర్ నన్ను చూసినప్పుడల్లా పళ్లు బయటపెట్టేవాడు.

ఇక లాభం లేదని పనికి దిగాను. నాకో జబ్బుంది. ఎవరైనా చేసే పనిని నేనూ చేయగలననుకుంటాను. ఫోనులో నాలుగు వీడియోలు చూశాను. వెనక ఇరుసును మోసే ఇనప పట్టీల కట్టలు, అంటే కమాన్లు, చివర్లలో రబ్బరు బుష్షుల మీద కూర్చుంటాయి. ఆ బుష్షులే అరిగిపోయాయి. నెల్లూరు పోయి కొత్తవి తెచ్చాను. బండిని జాకీలతో పైకెత్తి, పాతవి పీకి, కొత్తవి దిగ్గొట్టి, నా బలమంతా పెట్టి నట్లు బిగించాను. రెండు రోజులు భుజం లేవలేదు.

అక్క పరీక్ష పెట్టింది. సంచితో బస్టాపులో నిలబడి, "ఆ స్పీడ్ బ్రేకర్ మీదగా తోలు, నేను వింటా" అంది. తోలాను. మోత లేదు. కానీ అక్క కదల్లేదు.

"మూడు వారాలు చూద్దాం. నీ పనితనం నాకు తెలవదా?"

అన్యాయం అనుకున్నాను. మూడో వారం తిరక్కుండానే పాత తలుపు తెరిచినట్టు కిర్రుమనడం, ఆ వెంటనే దడేల్. అక్క ఒక్క మాట కూడా అనకుండా చెయ్యెత్తి బస్సు ఆపింది. తిట్టినా బాగుండేది.

హైవే పక్కన లారీల కమాన్లు చేసే భాయ్ ఉన్నాడు. వాళ్ల నాయనదీ అదే పని. నాకంటే పదేళ్లు పెద్దవాడైనా అందరినీ అన్నా అంటాడు. ఇంతకాలం ఆయన దగ్గరికి పోకపోవడానికి కారణం నా పొగరు తప్ప ఇంకేమీ లేదు. ఆయన బండి కిందికి దూరి, టార్చి వేసి చూసి, అక్కడే పడుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"జాకీ మీద ఉండంగానే బిగించేసినావా అన్నా?"

"ఔను. గట్టిగా బిగించా."

"అదే తెలస్తా ఉండాది. బండి గాల్లో యాలాడేటప్పుడు బిగిస్తే, కిందికి దించంగానే రబ్బరు మెలి తిరిగిపోతాది. ఇంక ఎన్నాళ్లుంటాది పాపం? చక్రాలు నేల మీద ఉండాల, రోజూ ఎక్కేవోళ్లు ఎక్కి కూర్చోవాల, అప్పుడు బిగించాల."

"మా నాయన కాలం నుంచీ ఇంతే, లారీకైతే లోడు ఎక్కినాకే ఆఖరి బిగింపు" అన్నాడు. విరిగిన ఒక పట్టీ మార్చాడు, కమాన్లకు మళ్లీ వంపు కొట్టాడు, కొత్త బుష్షులు వేశాడు. నట్లు మాత్రం వదులుగా ఉంచి బండిని నేలకు దించాడు.

"రెండు బస్తాల వడ్లు తెప్పించేదా?" అన్నాను ఉత్సాహంగా.

"వడ్లకు బిగిస్తే వడ్లకే సుకంగా ఉంటాది. రోజూ ఎక్కేదెవురు?"

"మా అక్క."

"పిలువన్నా."

ఫోను చేశాను. "బాగయిందాకా ఎక్కనన్నా గదా" అంది అక్క. "నువ్వెక్కితేగాని బాగవదంటక్కా" అన్నాను. "ఇదేం చోద్యంరా!" అంది. భాయ్ ఫోను తీసుకున్నాడు.

"అక్కా, బండి యాడికీ పోదు. తాళం నా జోబీలో పెట్టుకుంటా. ఊరికే కూసోండి."

గంటలో ఆటో దిగింది, చేతిలో మళ్లీ క్యారియర్! భాయ్ తాళాన్ని ఆమెకు చూపించి మరీ జేబులో వేసుకున్నాడు. అక్క వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కదలని కార్లో ఇద్దరం బుద్ధిగా ఎదురు చూస్తున్నాం. భాయ్ కింద పడుకుని పానా తగిలించాడు.

"అక్కా, రోజూ ఈడే గదా మీరు కూసునేది? తిరుగులేదు గదా?"

అద్దంలో చూశాను. అక్క స్టీరింగ్ మీది నా చేతుల వైపు చూస్తోంది.

"మీ బావ ఉన్నన్నాళ్లూ ముందు సీట్లోనే కూర్చున్నాన్రా" అంది నాతో. "ఆయన చేతులుండే చోట ఇంకొకరి చేతులు చూడలేక ఎనక్కి పోయినా."

మూడేళ్లు నా డ్రైవింగ్ మీద రోషపడుతూ గడిపాను. ఆమె దుఃఖాన్ని నా వీపు వెనకే పెట్టుకుని మోస్తూ, ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"నేను తోలేదంటే భయమనుకున్నాను" అన్నాను.

"అదీ ఉండాదిలే" అంది.

కింద భాయ్ దగ్గాడు. "అక్కా, బిగించేదా?"

"ఉండు భాయ్, బిగించబాక."

అక్క తలుపు తీసుకుని దిగింది. ముందువైపు తిరిగొచ్చి, నా పక్క సీటు మీది దుమ్మును కొంగుతో తుడిచి, కూర్చుంది. క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది.

"ఇంక మారరు గదా?" అన్నాడు భాయ్ కింద నుంచి. "మారితే మళ్లా ఇప్పాల్సొస్తాది."

"మారను" అంది అక్క.

పానా తిరిగిన చప్పుడు విన్నాం, ఒక్కో నట్టు. క్యారియర్లో ఉన్నది భాయ్‌కి తెచ్చిన పులుసే. ఆయనకు ఇచ్చి, తాళం అడిగి తీసుకుని, అక్కే నా చేతిలో పెట్టింది.

బస్టాపు ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర స్టీరింగ్ బిగించి పట్టుకున్నాను. బండి మెత్తగా లేచి, మెత్తగా దిగింది. అక్క రోడ్డు చూడటం లేదు, ఇంకా నా చేతులనే చూస్తోంది.

"అంత గట్టిగా పట్టుకోబాకరా" అంది. "మీ బావా అట్నే పట్టుకునేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు."