గేటు కంప్యూటరుకు నిమ్మకాయ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. హిందీ ప్రాంతమైన ఆదిత్యపూర్‌లో ఒక ఇంజనీరింగ్ షెడ్డు. అక్కడి గేట్ పాస్ ప్రోగ్రాముకు నేనొక్కడినే దిక్కు. పాత సి ప్రోగ్రాము అది. మధ్యమధ్య డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ వాక్యాలు పొదిగి ఉంటాయి. దీన్నే ఎంబెడెడ్ ఎస్‌క్యూఎల్ అంటారు. కొత్తగా చేరినవారెవరూ దాని ముఖం చూడరు. రోజంతా నాకు తోడు ఏసీ చప్పుడే.

ఒక ఉదయం, ఠేకేదారు అంటే కాంట్రాక్టరు కింద పనిచేసే అప్పలస్వామి అనే కార్మికుడు నా తలుపు దగ్గర నిలబడ్డాడు. క్రేన్ మీద, ఎత్తులో పని; వైద్య పరీక్షలో ‘ఫిట్’ అయితేనే పాస్. గేటు కంప్యూటరు అతన్ని ‘అన్‌ఫిట్’ అంటోంది.

“డాట్రు నాకేటీ సెప్పనేదు బాబూ. మీ మిసనుకెలా తెలిసిపోనాది? ఈ వారం లోపలికెళ్లకపోతే ఠేకేదారు ఇంకోడిని ఎట్టేత్తాడు.”

గేటు సూపర్‌వైజరూ మన తెలుగువాడే. ఆయన దగ్గర వేరే వివరణ ఉంది. అప్పలస్వామికి ఇచ్చిన పాస్ నంబరు అంతకుముందు క్రేన్ మీంచి పడి చనిపోయిన మనిషిదట. “మన్‌హూస్ నంబరది, అపశకునం,” అంటూ కంప్యూటరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టించి, నంబరు మార్చేశాడు. స్క్రీను మీద ‘ఫిట్’ అని వచ్చింది. అప్పలస్వామి దణ్ణం పెట్టి లోపలికి వెళ్లాడు.

“ఏటంతారిప్పుడు, నాస్తిక్ సాబ్?” అన్నాడు సూపర్‌వైజర్.

నేను కోడ్ తెరిచాను. డేటాబేస్ ఇచ్చే విలువను సి ప్రోగ్రాములో పట్టుకునే పాత్రను హోస్ట్ వేరియబుల్ అంటారు. డేటాబేస్‌లో గడి ఖాళీగా ఉంటే ఆ సంగతి చెప్పడానికి పక్కనే ఇండికేటర్ వేరియబుల్ ఉండాలి. ఎప్పుడో రాసినవారు అది పెట్టలేదు. ఎర్రర్ రాకుండా సెట్టింగు కూడా మార్చారు. అప్పలస్వామి వైద్య పరీక్ష ఫలితం ల్యాబ్ నుంచి ఇంకా రాలేదు. గడి ఖాళీ. అందుకే పాస్ నంబర్ల క్రమంలో ఉండే జాబితాలో పై వరుసలో ఉన్న మనిషి ఫలితం ఆ పాత్రలో మిగిలిపోయి, ఇతని పేరు పక్కన పడింది. పాత నంబరుకు పైవాడు అన్‌ఫిట్. కొత్త నంబరుకు పైవాడు ఫిట్. ఇంతే మహిమ.

ఊరుకుంటే నిమ్మకాయకు పేరు, అతనికి కూలి. కానీ పరీక్ష తేలని మనిషి క్రేన్ ఎక్కి ఉన్నాడు, ఒకడు పడి చచ్చిన చోటే. ఇండికేటర్ కలిపాను. స్క్రీను ‘ఫలితం రాలేదు’ అంది. అతన్ని మళ్లీ బయటికి పంపారు.

“పనిలోకెలిపోనోడిని ఎనక్కి లాగేసినారు. నానేటి పాపం సేసినాను బాబూ?”

“పాపం లేదు, పుణ్యం లేదు. నీ రిపోర్టు రాలేదు.”

“ఆ నిమ్మకాయకున్న దయ కూడా మీకు నేదు.”

ల్యాబ్‌లో కూర్చుని, ఆగిపోయిన పరీక్ష పూర్తి చేయించి రిపోర్టు తెచ్చాను. ఫిట్. గడువులోపే అతను పనికెక్కాడు. నిమ్మకాయ వల్లేనని గేటంతా తేల్చుకుంది. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అతనూ రాలేదు.

తెలియని చోట ‘తెలియదు’ అని రాసుకోవాలి. రాసుకోకపోతే ప్రోగ్రామైనా, సమాజమైనా పక్కవాడి రాతను తెచ్చి మన మీద రుద్దుతుంది. ఆ నిమ్మకాయ ఎండిపోయి ఇంకా అక్కడే వేలాడుతోంది. రోజూ దాని పక్క నుంచే వెళ్తాను. తెంపలేదు. నేను తెంపిన మర్నాడు గేటు దగ్గర ఏ తీగ కాలినా, అసలు కారణం ఎవరూ వెతకరు; నిమ్మకాయ తెంపినందుకేనంటారు.