మంచు దేశపు గుడారం, మా మేడ మీద

కువైట్‌లో మంచు కురవదు. ఈ మాట రిగ్గైలో మా మేడ మీద నిలబడి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. మా పక్క ఫ్లాటు ఇంజినీరు గారు విజయవాడాయన. మంచు దేశంలో ఎవరో కూరగాయల గుడారం కట్టిన వీడియో చూసి, మేమూ అచ్చం అలాగే కట్టాలని పట్టుబట్టారు. నీళ్ల పైపులను కమానుల్లా వంచి, ఇసుక నింపిన బకెట్లలో నిలబెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాలి. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. ఇక్కడి జనవరి చలికి నా భార్య గోంగూర మొక్కలు రెండుసార్లు చచ్చాయి. కడప నుంచి తెచ్చుకున్న విత్తనాల్లో మిగిలిన గుప్పెడూ ఈసారి కాగితపు కప్పుల్లో మొలిపించి, వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుని సాకింది. ఇవీ పోతే మళ్లీ ఊరికి వెళ్లేదాకా విత్తనం లేదు.

కానీ కమానులు అంత మొనదేలి ఎందుకుండాలి? మంచు జారిపోవడానికట. పట్టా రెండు పొరలెందుకు? లోపలి వేడి బయటికి పోకుండానట. ఎక్కడి మంచండీ అంటే, "వీడియోలో అలాగే ఉంది మాస్టారూ. సైన్సు, సైన్సు అని మీరే కదా అంటారు?" అని నన్నే నిలదీశారు. చూసింది చూసినట్టు చేయడం సైన్సు కాదు, ఎందుకని అడగడం సైన్సు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, రెండో పొర కప్పారు.

అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టించారు. గురువారం సాయంత్రమే మొక్కలు లోపల సర్దించి, తలుపుకు ఎర్ర రిబ్బను కట్టి, ముహూర్తం దాకా తీయకూడదన్నారు. మంచు దేశపు గుడారానికి మన పంచాంగం ఎలా వర్తిస్తుందని అడిగాను. శుభమా అని చేస్తుంటే అడ్డం పడొద్దన్నారు.

మర్నాడు పొద్దెక్కేసరికి, చలికాలపు ఎండే అయినా, రెండు పొరల కింద ఆవిరి కమ్మింది. పట్టాకు చెయ్యి ఆనిస్తే ఇడ్లీ పాత్ర మూతలా ఉంది. లేత ఆకులు తలలు వాల్చడం మసగ్గా కనిపిస్తోంది. నేను కత్తెర తెచ్చాను. ఇంజినీరు గారు తలుపుకు అడ్డంగా నిలబడి, రాహుకాలం నడుస్తోందన్నారు. రాహువనే గ్రహమే లేదని మొదలుపెట్టి, గ్రహణాలు ఎలా పడతాయో కూడా వివరించాను. అందులో ఒక్క తప్పు లేదు. నేను నిజం చెబుతున్నంతసేపూ మొక్కలు ఉడుకుతూనే ఉన్నాయి.

నా భార్య మా ఇద్దరినీ ఒకసారి చూసి, గుడారం వెనక్కి వెళ్లింది. పట్టా అంచు మీది ఇటుకల్ని కాలితో పక్కకు నెట్టి నన్ను పిలిచింది.

"ముహూర్తం వాకిలికి పెట్టినారు గానీ ఎనక పక్కకు పెట్టలేదు కదా. ఇట్లా వచ్చి దీన్ని ఎత్తి పట్టుకోండి."

"అంటే నువ్వూ ముహూర్తాన్ని ఒప్పుకుంటున్నావా?"

"మీ వాదం యాడికీ పోదు. చెట్లు పోతాయి. ఎత్తండి."

ఎత్తాను. వేడి గాలి ముఖాన కొట్టింది. ఆమె కప్పులన్నీ బయటికి లాగి, నీళ్ల ట్యాంకు నీడలో పెట్టి తడిపింది. కొన్ని పోయాయి, ఎక్కువ భాగం సాయంత్రానికి తేరుకున్నాయి. వెనక నుంచి తీస్తే దోషం లేదని ఇంజినీరు గారు తీర్పిచ్చారు. ముహూర్తానికి రిబ్బను కోసి, ఖాళీ గుడారంలో కొబ్బరికాయ కొట్టారు. నా భార్య శ్రద్ధగా హారతి కళ్లకద్దుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మొక్కలిప్పుడు మళ్లీ గుడారం లోపలే ఉన్నాయి. ఆమె రోజూ పొద్దున్నే వెనక పట్టా చుట్టి పైకి కడుతుంది, చీకటి పడితే దించుతుంది. ఎవరినీ అడగలేదు, నన్ను కూడా. ఆ రెండో పొర తీసేయాలా వద్దా అని నేనూ ఇంజినీరు గారూ ఇంకా వాదించుకుంటున్నాం.