లాంతరు గుర్తు ఆకురాయి

ఆకురాయి మంచిదో కాదో తెలియాలంటే దాన్ని ఇనుము మీద రుద్ది చూడనక్కర లేదు. పిడిలో దిగే తోకకు దారం కట్టి వేలాడదీసి, ఇంకో ఇనుప ముక్కతో మెల్లగా తట్టాలి. సరిగ్గా గట్టిపరచిన ఉక్కయితే కంచుగిన్నె అంచుకు గరిటె తగిలినట్టు మోగుతుంది, ఆ మోత చాలాసేపు నిలుస్తుంది. మెత్తని ఉక్కయితే టక్కుమని అక్కడే ఆగిపోతుంది. నాకు ఈ పరీక్ష నేర్పినవాడు ఆకురాళ్ళు అమ్మడానికి మద్రాసు నుంచి వచ్చే కంపెనీ మనిషి. ఆ పరీక్షతోనే అతను ఒకరోజు నన్ను దొంగను చేశాడు.

యాభైలలోనూ అరవైలలోనూ నేను రాజపాళయంలో ఒక నూలు మిల్లులో స్టోర్ కీపర్‌గా పనిచేశాను. బెల్టులు, బాబిన్లు, నూనె డబ్బాలు, పనిముట్లు, ఏదైనా సరే నా గదిలోంచే మిల్లులోకి పోవాలి. ఆ గదికి ఒకటే తాళంచెవి. దాన్ని ఒక ఇత్తడి బిళ్ళతో కలిపి నా మొలతాడుకు కట్టుకునేవాణ్ణి. స్నానం చేసేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు. సాయంత్రం నేను వీధి మలుపు తిరుగుతుంటే, చెవీ బిళ్ళా ఒకదానికొకటి తగిలే చప్పుడు విని మా ఇంటామె కాఫీకి నీళ్ళు పెట్టేది.

మా మిల్లు ఫిట్టర్లకు లాంతరు గుర్తు ఆకురాయి తప్ప ఇంకొకటి చేతికి ఆనేది కాదు. ఇంగ్లండు సరుకు. తోక పక్కన చిన్న లాంతరు బొమ్మ కొట్టి ఉండేది. పసుపుపచ్చ కాగితం చుట్టి, కట్టలుగా వచ్చేది. మా వైపు ఆకురాయిని అరం అంటారు, కాబట్టి వాళ్ళకది లాందరు అరం. పళ్ళు పూర్తిగా అరిగిపోయాక కూడా దాన్ని పారేసేవారు కాదు. చోళపురం కమ్మరి దగ్గరకు తీసుకుపోయి కత్తి చేయించుకునేవారు. మా ఇంట్లో కూరగాయలు తరిగే కత్తి ఒకప్పుడు లాందరు అరమే. అరిగిన ఆకురాయి నాకిమ్మంటే నాకిమ్మని మనుషులు స్టోర్ గుమ్మం దగ్గర కాచుకుని ఉండేవారు.

వాటిని అమ్మే మనిషిది నెల్లూరు వైపు ఊరు. మిల్లు ఆఫీసులో అందరూ తమిళమో ఇంగ్లీషో మాట్లాడుతుంటే, అతను మొదటిసారి నా బల్ల ముందుకు వచ్చి, "మీరు తెలుగువారటగా అన్నయ్యా" అన్నాడు. అంతటితో నేను పడిపోయాను. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట ఈ తమిళదేశానికి వచ్చిన కుటుంబాలు మావి. అటువైపు నుంచి ఎవరైనా వచ్చి మా భాషలో మాట్లాడితే పుట్టింటివాళ్ళు వచ్చినట్టు ఉంటుంది. ఆ రోజే అతన్ని భోజనానికి ఇంటికి తీసుకుపోయాను. మా ఆవిడ వేసిన ఉప్పుకండం, అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం, ఆ వేపుడు మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు.

"ఇంత రుచిగా ఎలా చేశారు వదినా?" అన్నాడు.

"చేశారంట, చేశారంట! నీ మాట హరికథ మాదిరి ఉండాది తంబీ" అని ఆమె నవ్వింది. "ఆ, ఇంకొక తూరి చెప్పు, వింటాను."

ఆ తరువాత రాజపాళయం వచ్చినప్పుడల్లా అతను మా ఇంట్లోనే తినేవాడు. ఇద్దరం పక్కపక్కనే ఆకులు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆకురాయిని దారానికి కట్టి మోగించడం నేర్పింది మా తిన్నె మీద కూర్చునే. "మా సరుకును మీరు నమ్మక్కర్లేదన్నయ్యా, దాన్నే అడగండి, అదే చెబుతుంది" అనేవాడు. నా డైరీలో అతను వచ్చిన రోజులన్నీ ఉన్నాయి. ఎక్కువ భాగం ఏం తిన్నామో, ఏం నవ్వుకున్నామో రాసుకున్నాను. సరుకు గురించి ఏమీ రాసుకోలేదు.

సీమ సరుకు రావడం తగ్గిన రోజుల్లో ఒక కొత్త లాటు వచ్చింది. అదే పసుపుపచ్చ కాగితం, అదే లాంతరు. ఫిట్టర్ల చేతికి వెళ్ళిన కొద్ది రోజులకే పళ్ళు నున్నగా అయిపోయి ఇనుము మీద జారడం మొదలుపెట్టాయి. హెడ్ ఫిట్టర్ మా ఆవిడ సొంత అన్న. చెల్లెలి మొగుణ్ణి కాబట్టి నన్ను తమిళంలో మాప్పిళ్ళ అని పిలిచేవాడు. అతను ఆకురాయి ఒకటి తెచ్చి నా బల్ల మీద విసిరేశాడు.

"ఏం మాప్పిళ్ళ, ఇది ఇనుము కోసేదానికి ఇచ్చినావా, వీపు గోక్కునేదానికి ఇచ్చినావా?"

"లాంతరే కదా బావా, చూడు."

"లాందరు ఉండాది. లోపల దీపం యాడ?"

వెనకాల నిలబడిన ఫిట్టర్లు నవ్వారు. నేనూ నవ్వాను. అతను వెళ్ళిన తరువాత దారం కట్టి మోగించాను. టక్కుమంది. ఇంకో కట్ట విప్పి, అందులోంచి ఒకటి తీసి మోగించాను. అదీ అంతే.

పది రోజులు గడిచేసరికి మాట వేరే దారి పట్టింది. లాంతరు సరుకు చెడిపోతుందని మా ఊళ్ళో ఎవరూ అనుకోరు. కాబట్టి మధ్యలో ఎవరో మార్చి ఉండాలి. మధ్యలో ఉన్నది నేను ఒక్కణ్ణే. అసలు అరాలు అమ్మకానికి తళవాయిపురం బస్సులో పోతున్నాయనీ, డూప్లికేట్లు కట్టి మిల్లులో పెడుతున్నాననీ టీకొట్టు దగ్గర అన్నారు. కట్ట మీది కాగితం చించకుండా ఉంది కదా అంటే, కాగితం ఎవరైనా అంటిస్తారన్నారు. బావ కూడా నా ముఖం చూడకుండా, "నువ్వు చేసినావని నేను చెప్పలేదు. చేసినోడు ఎవుడో నువ్వే కనిపెట్టు, తాళం నీ దగ్గరే దా ఉండాది" అన్నాడు. ఆ రాత్రి మా ఆవిడ అన్నం తినలేదు. ఒకవైపు అన్న, ఒకవైపు మొగుడు.

కంపెనీ మనిషి వస్తే అన్నీ తేలిపోతాయని నేను ధైర్యంగా ఉన్నాను.

వచ్చాడు. ఎప్పటిలాగే ముందు మా ఇంటికే వచ్చి తిన్నాడు. ఆకు తీసేశాక తిన్నె మీద కూర్చుని నేను సంగతంతా చెప్పాను. అతను వీధి వైపు చూస్తూనే జవాబిచ్చాడు.

"మీకు దాచి లాభం లేదు అన్నయ్యా. కంపెనీ అమ్ముడైపోయింది. దొరలు పేరునూ, గుర్తునూ బొంబాయి వ్యాపారికి ఒకరికి అమ్మేసి చేతులు కడుక్కున్నారు. పాత కార్ఖానా మూసేశారు. ఇప్పుడు ఎక్కడో చేయించి దాని మీద లాంతరు కొడుతున్నారు. ఏమీ మారలేదని చెప్పమని మాకు ఆర్డరు."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గుండె మీద నుంచి బరువు దిగింది. "ఈ మాట మా మేనేజరుతో చెప్పినావంటే చాలు" అన్నాను.

"చెబుతాను. మీ ఉప్పు తిన్నవాణ్ణి, చెప్పకుండా ఎలా ఉంటాను?" అన్నాడు.

ఇద్దరం కలిసే మిల్లుకు నడిచాం. మేనేజరు కోయంబత్తూరు మనిషి, తెలుగు రాదు. గదిలో బావ కూడా ఉన్నాడు. స్టోరు నుంచి ఒక కట్ట తెప్పించి బల్ల మీద పెట్టారు. మేనేజరు సూటిగా అడిగాడు, మీ సరుకులో ఏమైనా మార్పు వచ్చిందా అని.

అతను ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఏ మార్పూ లేదన్నాడు. అని, తన తోలుసంచి తెరిచి శాంపిల్ ఆకురాయి తీశాడు. దారం కట్టాడు. తట్టాడు. ఆ గదంతా మోగింది. నాకు బాగా తెలిసిన మోత అది. ఆ శాంపిల్ పాత కార్ఖానా సరుకని నాకు తెలుసు, అతనికీ తెలుసు. తరువాత మా కట్టలోంచి ఒకటి తీసి అదే దారానికి కట్టి తట్టాడు. టక్కుమంది.

"మా కంపెనీ నుంచి వచ్చేది ఇది సార్" అని మొదటిదాన్ని చూపించాడు. రెండోదాన్ని బల్ల చివరకు జరిపాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తాను చెప్పలేనన్నాడు.

ఆ గదిలో అతను నా వైపు తిరగలేదు. ఒక్క తెలుగు మాట అతని నోటి నుంచి రాలేదు. నేను తమిళంలో, కంపెనీ చేతులు మారిందని ఇతనే ఇంతకు ముందు మా ఇంట్లో చెప్పాడని అన్నాను. మేనేజరు అతన్ని చూశాడు. అతను తల అడ్డంగా ఊపి, పాపం అన్నట్టు చిన్నగా నవ్వాడు. విచారణ అయ్యేవరకు తాళంచెవి టైమాఫీసు గుమాస్తాకు ఇవ్వమని మేనేజరు చెప్పాడు. మొలతాడు ముడి చాలా పాతది, విప్పుతుంటే రాలేదు. చివరకు బావే తన జేబులోని చిన్న కత్తితో కోశాడు. అది కూడా అరిగిన లాందరు అరంతో చేయించిన కత్తే.

తరువాత రోజుల్లో నన్ను లెక్కల గదిలో ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎవరూ తిట్టలేదు. నాకు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. సాయంత్రం ఇంటికి వస్తే, నేను వాకిట్లో నిలబడే దాకా మా ఆవిడకు తెలిసేది కాదు.

ఒక ఆదివారం బావ మదురైలో పెళ్ళికి వెళ్ళి, తిరిగి వస్తూ బస్టాండు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో పసుపుపచ్చ కాగితం చుట్టిన ఆకురాయి ఒకటి ఉంది. లోపలికి రాకుండా తిన్నె మీదే కూర్చున్నాడు.

"దారం ఉంటే తే చెల్లీ" అన్నాడు.

మా ఆవిడ పూలు కట్టే దారం తెచ్చింది. కాగితం విప్పి, లాంతరు బొమ్మ మాకిద్దరికీ చూపించి, దారం కట్టి తట్టాడు. టక్కుమంది. ఇంకోసారి తట్టాడు.

"మదుర పెద్ద అంగళ్ళో కొన్నాను, నా సొంత దుడ్డు పెట్టి. నిజమైన లాందరు ఎట్ల ఉంటుందో తెచ్చి నీ మొగాన కొట్టాలనే దా కొన్నాను" అన్నాడు. కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఏం మాప్పిళ్ళ, మదురకు కూడా నువ్వే పోయి మార్చి పెట్టినావా?"

మా ఆవిడ నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. "సిగ్గు లేదా అన్నా నీకు?" అంది. "లే, వచ్చి తిను."

"సిగ్గు ఉండబట్టే దా బయట కూర్చున్నాను" అన్నాడు.

మర్నాడు అతనే దాన్ని మేనేజరు గదికి తీసుకుపోయాడు. సాయంత్రం టైమాఫీసు గుమాస్తా వచ్చి తాళంచెవి నా ముందు పెట్టి వెళ్ళాడు. ఏమీ చెప్పలేదు. మేనేజరూ ఏమీ చెప్పలేదు. మిల్లు వేరే గుర్తు ఆకురాళ్ళు కొనడం మొదలుపెట్టింది. నేను కట్ట కట్టా విప్పి, ఒక్కొక్కటీ మోగించి తీసుకునేవాణ్ణి.

కంపెనీ మనిషి మళ్ళీ ఒకసారి వచ్చాడు. మిల్లుకు రాలేదు, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. భోజనం వేళకు వచ్చిన మనిషిని మా ఇళ్ళల్లో వెనక్కి పంపరు, కాబట్టి మా ఆవిడ ఆకు వేసింది. ఒక్క ఆకే వేసింది. అన్నం పెట్టింది, పులుసు పోసింది, వదినా అంటే పలకలేదు. నేను తిన్నె మీదే ఉన్నాను. అతను చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నా మీద కోపమా అన్నయ్యా?"

"ఇప్పుడు వచ్చి మేనేజరుతో ఆ మాట చెబుతావా? కంపెనీ అమ్ముడైపోయిందని?"

"ఇప్పుడెందుకన్నయ్యా? మీ తాళం మీకు వచ్చేసిందిగా" అన్నాడు.

అతని ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే ఇంకేం కావాలో అతనికి అర్థం కాలేదు. తోలుసంచి భుజాన వేసుకుని ఎండలో బస్టాండు వైపు నడిచిపోయాడు. ఆ సంచిలో అడుగున ఆ పాత ఆకురాయి ఇంకా ఉండే ఉంటుంది.

తాళంచెవిని నేను మళ్ళీ మొలతాడుకు కట్టుకోలేదు. రిటైరయ్యే దాకా ప్రతి సాయంత్రమూ మేనేజరు గదిలో మేకుకు తగిలించి, అతను చూశాడని రూఢి చేసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. నేను వాకిట్లోకి వచ్చి గొంతు సవరించుకుంటే, మా ఆవిడ అప్పుడు కాఫీకి నీళ్ళు పెట్టేది.