అక్కకు అమ్మిన నూట ఇరవై గజాలు

రియల్ ఎస్టేట్ ఏజెంటు లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టడానికి ఖమ్మం వెళ్లాను. ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఆవిడ పాన్ కార్డు, ఆధార్, ఆఫీసు కిరాయి అగ్రిమెంటు అన్నీ స్కాన్ చేసి, తల ఎత్తకుండానే అడిగింది.

“ఇంతకుముందు మీరు చేయించిన రిజిస్ట్రేషన్లు ఏమన్నా ఉన్నయా సార్? కాయితాలుంటే పెడదాం.”

పద్నాలుగేళ్లుగా పాల్వంచ చుట్టుపక్కల ప్లాట్లు అమ్మి బతికినవాణ్ని. రిజిస్ట్రేషన్ మాత్రం ఒక్కటీ లేదు. “లేవమ్మా,” అన్నాను. ఆవిడ ఆ గడి ఖాళీగా వదిలేసి కిందికి పోయింది. సిగ్గు పడాల్సిన చోటే అది. నాకు ఆకలి వేసింది, అంతే.

మాది ఏజెన్సీ ప్రాంతం. ఇక్కడి భూమి గిరిజనుల నుంచి ఇతరుల పేరు మీదకు మారదు, చట్టం ఒప్పుకోదు. అయినా అమ్మకాలు ఎన్నడూ ఆగలేదు. ఒక తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు, నాలుగు హద్దురాళ్లు ఉంటే అమ్మకం అయిపోయినట్టే. కొనేవాళ్లు వెనకాడితే చెప్పడానికి మా బ్రోకర్లందరి దగ్గరా ఒకే మాట ఉండేది: “ఇయ్యాల గాకపోతే రేపు రెగ్యులర్ జేస్తరు. ఊరంత గిట్లనే ఉన్నది, మీ ఒక్కరికే ఏంది?” నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేవాణ్ని.

అక్కకూ అదే చెప్పాను.

అక్క పాల్వంచలో ఒక ప్రైవేటు దవాఖానాలో ఆయా. బావ పోయాక ఐదు కిరాయి ఇళ్లు మారింది. కొడుకు పెళ్లి ఉందనో, రేకులు మార్చాలనో ఓనర్లు లేవమంటారు. ఈమె గిన్నెలు ఆటోలో వేసుకుని ఇంకో గల్లీకి పోతుంది. “ఎవ్వలు లెవ్వుమనని జాగ ఒకటి చూడు తమ్మీ,” అని నన్ను ఒక్కటే అడిగింది. టేకులపల్లి దారిలో ఒక కోయ రైతు చేనులో నూట ఇరవై గజాలు చూపించాను. చట్టం పుట్టిందే అలాంటి రైతు కోసం. ఆయన బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దించింది నేనే.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అక్క పాస్టరు అయ్యగారిని తీసుకొచ్చి స్థలంలో ప్రార్థన పెట్టించింది. ప్రార్థన చేసిన కొబ్బరినూనె నాలుగు హద్దురాళ్ల మీదా కొంచెం కొంచెం పోసింది. నేను కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను. అక్క దగ్గర కమీషన్ తీసుకోలేదని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఇప్పుడు ఖమ్మం వైపు వెంచర్ల వాళ్లు లైసెన్సు లేనివాణ్ని గేటు లోపలికి రానివ్వడం లేదు. అందుకే ఈ దరఖాస్తు. అమ్మే ఆస్తి హక్కుల గురించి కొనేవారికి తప్పుడు మాట చెప్పనని ఒక కాగితం ఉంది. సెంటర్ ఆవిడ దాన్ని గడగడా చదివి పెన్ను ఇచ్చింది. సంతకం చేసి, పక్క హోటల్లో భోజనం చేసి, బస్సెక్కాను.

లైసెన్సు వచ్చింది. లామినేషన్ చేయించి ఆఫీసులో బల్ల మీద పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే అక్క మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని మరీ లైసెన్సును ఎత్తి చూసింది.

“ఫొటోల మంచిగ వడ్డవ్,” అంది. తర్వాత బ్యాగులోంచి బైబిలు తీసి, జిప్పు కవరు తెరిచి, మడతలు అరిగిన ఆ తెల్లకాగితం బయటికి తీసింది. “సర్కారే నిన్ను నమ్మింది గదా. మొదలు నాది రిజిస్ట్రేషన్ జేయించు. మా ఓనరు మల్ల లెవ్వుమన్నడు. రెండు రేకుల రూములు ఏసుకుంట.”

“కాదక్కా.”

“ఎప్పుడైతది మరి?”

“ఎప్పటికీ కాదు. అక్కడి భూమి మన పేరు మీదకి ఎక్కదు.”

అక్క లైసెన్సు వైపు వేలు చూపించింది.

“గీ లైసెన్సు కాయితాలు చదివినంక తెలిసిందా నీకు?”

అవునంటే సరిపోయేది. ఆమె నమ్మేది. నేను నమ్మించగలను, నా పనే అది. ఎందుకో నోరు రాలేదు.

“లేదు. అప్పుడే తెలుసు.”

“నేను రాళ్ల మీద నూనె వోసిన్నాడు?”

“అవ్.”

ఏడిస్తే బాగుండనిపించింది. తిడితే ఇంకా బాగుండేది. అక్క కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది కానీ బైబిల్లో పెట్టలేదు. బల్ల మీద లైసెన్సు పక్కన పెట్టి, జిప్పు మూసుకుంది. “ఇది నీ దగ్గర్నే ఉండనీ,” అంది. కోపంగా కూడా అనలేదు. డ్యూటీ టైమవుతోందని లేచింది. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది.

“తమ్మీ, కిరాయికి ఒక రూము చూడు నాకు. దానికి లైసెన్సు అక్కర్లేదు గదా?”

అక్కర్లేదని చెప్పాను.