బూదమ్మకు రాసిన ఆముదం

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరేసరికి మా బూదమ్మకు వెంట్రుకలు రాలడం మొదలయ్యేది. బూదమ్మంటే మా పిల్లి, బూడిద రంగుది. మంచం మీద, నాయన పంచె మీద, ఆఖరికి జొన్న సంగటిలో కూడా దాని వెంట్రుకలే...

ఒకనాడు నాయన నోట్లోంచి ఒకటి లాగి, "ఇంకొక్కటి కనపడితే దీన్ని గోనెసంచిలో కట్టి చెరువవతల ఇడిసిపెట్టి వస్తా" అన్నాడు.

అవ్వకు దిగులు పట్టుకుంది. పేల దువ్వెనతో దువ్వింది. గుప్పెడు వచ్చాయి... మళ్లీ దువ్వితే మళ్లీ గుప్పెడు. చివరికి నా జడకు రాసే ఆముదం గిన్నె దించి, బూదమ్మను ఒళ్లో అదిమిపట్టి, తల నుంచి తోక దాకా పట్టించింది.

"ఆడపిల్లకు నిలబడే జుట్టు దీనికెందుకు నిలబడదో సూస్తా!"

"జడ గూడా ఎయ్యి అత్తా" అని అమ్మ నవ్వింది.

పిల్లి ఒళ్లు నాకుతుందన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆముదం పోయేదాకా నాకింది... వెంట్రుకలన్నీ మింగింది. తెల్లారి మెడ చాచి, నేలకు కరుచుకొని ఒకటే దగ్గు. ఏమీ బయటికి రాదు. పాలు ముట్టలేదు.

పశువుల డాక్టరు ఎద్దుకైతే వస్తాడు, పిల్లికి ఎవరొస్తారు? అందరూ నా వైపు చూశారు. మా ఇంట్లో బోర్డు బడికి పోయింది నేనొక్కదాన్నే.

"నీ పుస్తకంలో పిల్లి బొమ్మ ఉండాది గదమ్మా. ఏం జెయ్యాలని రాసినారో సదువు" అన్నాడు నాయన.

బొమ్మ కింద ఒకటే వాక్యం... "పిల్లి పాలు తాగును."

"అంతేనా?"

"అంతే నాయనా."

"తాగడంల్యా గదమ్మా అది..." అంటూ, చదవడం రాకపోయినా, పుస్తకం తీసుకొని మిగతా పేజీలన్నీ తిప్పి చూశాడు.

సాయంత్రం బూదమ్మ తూలుకుంటూ పెరట్లోకి పోయి తనే గరిక కొరికింది. కాసేపటికి వేలెడంత వెంట్రుకల ఉండ కక్కింది... ఆముదం కంపు. అవ్వ కొంగుతో దాని మూతి తుడిచింది. ఇక ఎవరూ సంచి మాట ఎత్తలేదు.

మరుసటి వేసవిలో మళ్లీ అదే దగ్గు. ఈసారి ఆముదం ఎవరూ రాయలేదు... పెరట్లో గరిక ఎండిపోయింది. బూదమ్మ చేల వైపు పోయి తిరిగి రాలేదు. నాయన గోనెసంచి భుజాన వేసుకొని, దొరికితే ఎత్తుకొద్దామని చెరువు కట్ట దాకా వెతికి, ఖాళీ సంచితో వచ్చాడు.

ఇప్పుడు ఆ పాఠం నేనే పిల్లలకు చెబుతున్నాను. బొమ్మ కింద ఇంకా ఆ ఒక్క వాక్యమే... ఇంట్లో సంగటి శుభ్రంగా ఉంటుంది. అయినా నాయన ముద్దను ఒకసారి వేళ్లతో విప్పి చూసుకొని గాని తినడు.

మీ ఇంటి పిల్లి అట్లా దగ్గినప్పుడు మీ పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లు? తెలిస్తే చెప్పండి... మా పుస్తకంలో లేదు.