రేవులో రెండు పిలుపులు

సాయంత్రం ఆరూ పదికి మా వదిన లాంతరు గాజు తుడిచి వెలిగించింది. అక్కడి నుంచి చెప్తాను. ఇది జరిగింది. కల్పించి చెప్పే అలవాటు నాకు లేదు. ఉంటే దీన్ని ఇంతకంటే బాగా ముగించేవాణ్ణి.

యుద్ధం రోజులు. గ్యాసునూనె దొరకడం లేదు. అయినా వదిన లాంతరు నిండా పోసి నా చేతికిచ్చింది.

"రేవుకాడికి పో శీనయ్యా. మీ అన్న ఎద్దును పట్టుకొని వస్తుంటడు. చీకట్ల పరేషాన్ అయితడు."

అన్న ముందురోజు పెబ్బేరు సంతకు పోయాడు. పెబ్బేరు కృష్ణకు అవతల. మా ఊరు ఇవతల, గద్వాల వైపు. మధ్యలో దాటించేది పుట్టి... తోలు కప్పిన గుండ్రటి బుట్ట పడవ. పశువులు దాని వెంట ఈదుకుంటూ వస్తాయి. నాన్న పోయాక నన్ను చదివించింది అన్నే. పట్నంలో కాలేజీలో సైన్సు చదువుతూ దసరా సెలవులకు ఇంటికొచ్చాను.

ఏరు నిండుగా పారుతోంది. పుట్టి నడిపే బాలప్ప తాత, ఆయన కొడుకులిద్దరూ గట్టుమీద బీడీలు కాలుస్తున్నారు. పుట్టి పక్కనే బోర్లించి ఉంది.

చీకటి పడ్డ చాలాసేపటికి వినబడింది.

"ఓ... బాలప్పా... పుట్టి తే..."

అన్న గొంతే. పేరు చివర అలా సాగదీసేది అన్నే. కానీ అవతలి గట్టు నుంచి కాదు... నది నడుమ పెద్ద రాతిగుండు ఉంది, ఆ దిక్కు నుంచి.

"అన్నే తాతా! లే!"

బాలప్ప లేవలేదు. బీడీ ఇసుకలో గుచ్చి ఆర్పాడు. "మూడుసార్లు పిలవనీ బిడ్డా. నీళ్ళల్ల పోయినోడు రెండుసార్లే పిలుస్తడు. మూడోది మనిషిది."

"నిన్న ఠాణా అమీన్‌సాబు జవాను ఒక్క కేకేస్తే ఉరికినవ్ కద!"

"జవాను సచ్చినా కొడ్తడు, బతికినా కొడ్తడు. వాన్ని మూడో పిలుపు అడిగేటోడెవడు?"

కొడుకులు నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే నా కోపం ఎప్పుడో తీరిపోయేది.

తర్వాత... ఏమీ లేదు. నీళ్ళ హోరు. పురుగులు లాంతరు గాజుకు తగిలి టిక్... టిక్... అన్నకు కనబడాలని లాంతరు పైకెత్తి పట్టుకున్నాను. చెయ్యి లాగుతోంది.

ఉన్నట్టుండి హోరు తగ్గింది. ఏరు ఆగలేదు. నా ముందే పారుతోంది, చూస్తున్నాను. చప్పుడు మాత్రం... ఎవరో తలుపు దగ్గరగా వేసినట్టు.

అప్పుడు అన్న మాట్లాడాడు. కేక కాదు. మామూలుగా... పక్కన కూర్చుని అన్నం తింటూ మాట్లాడినట్టు.

"శీనిగా... లాంతరు జర కిందికి పెట్టు. కండ్లల్ల పడుతుంది."

పెట్టాను. అన్న చెప్తే చేయడం అలవాటు. పెట్టాక గాని తెలియలేదు... ఎదురుగా ఎవరూ లేరని. నీళ్ళు. ఆ నీళ్ళ మీద ఏమీ లేదు.

వెనక్కి తిరిగాను. బాలప్ప కూడా విన్నాడు. ఆయన మొహం చూస్తే తెలిసింది.

"ఇది రెండోది" అన్నాడు, మెల్లగా.

నేను తెడ్డు అందుకున్నాను. కొడుకులిద్దరూ నన్ను ఇసుకలో పడేసి అదిమి పట్టుకున్నారు. తిట్టాను. బతిమాలాను. తెల్లవార్లూ నలుగురం చెవులు రిక్కించి విన్నాం. మూడోది రాలేదు.

పొద్దున అన్న ఆ గుండు పక్కనే నీళ్ళలో దొరికాడు. అవతలి గట్టు పుట్టివాడు వచ్చి ఏడ్చాడు. నిన్న మధ్యాహ్నమే తన పుట్టి తిరగబడిందట. అన్న అప్పుడే మునిగిపోవడం కళ్ళారా చూశాడట.

సరే. మరి గుండు మీద అన్న గొంగడి పరిచి ఉంది. ఎగిరిపోకుండా మూలల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది.

"గంగమ్మ పెట్టింది" అన్నాడు బాలప్ప. నేను ఆయన మీదికి పోయాను. జనం లాగేశారు.

కాలేజీకి తిరిగి వెళ్ళాక ఒక్కడికే చెప్పాను, హాస్టల్లో నా గదిలో ఉండే వెంకటాద్రికి. రోజూ సంధ్య వార్చేవాడు. "అదృష్టవంతుడివిరా. ఆత్మ నిన్ను వెతుక్కుంటూ వచ్చింది" అన్నాడు. నిజంగా సంతోషించి అన్నాడు. వాడే పోయి మా ఫిజిక్సు లెక్చరరుకు చెప్పాడు.

ఆయన నన్ను బోర్డు దగ్గరికి పిలిచాడు. సుద్దముక్కతో ఏరు గీశాడు. గుండు గీశాడు. మాకు పాఠాలన్నీ ఉర్దూలోనే. రాత్రిపూట నీళ్ళను ఆనుకుని చల్లగాలి ఉంటుందనీ, పైగాలి వెచ్చగా ఉంటుందనీ, అప్పుడు ధ్వని కిందికి వంగి చాలా దూరం పోతుందనీ చెప్పాడు. గుండు మీద మెల్లగా మాట్లాడిన మాట గట్టుమీద చెవి పక్కనే వినబడొచ్చు. "సమజైందా?" అన్నాడు.

అర్థమైంది. అంటే మా అన్న బతికే ఉన్నాడు. గొంగడి ఆరేసుకుని, మా లాంతరు చూస్తూ కూర్చున్నాడు.

లెక్చరరు చేతుల సుద్ద దులుపుకున్నాడు. వెనక బెంచీల వాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాతి వారం హాస్టల్లో చర్చ పెట్టారు: విజ్ఞానమా, విశ్వాసమా? రెండు పక్షాలూ మా అన్నను వాడుకున్నాయి. ఒక పక్షానికి ఆయన చనిపోయి ఉండాలి. ఇంకో పక్షానికి బతికి ఉండాలి. చర్చ అయ్యాక అందరూ మెస్సుకు పోయి కడుపునిండా తిన్నారు. నాకు ఏది కావాలో ఒక్కడూ అడగలేదు.

అడిగినా చెప్పలేను. చనిపోయి ఉంటే నాతో అంత మామూలుగా మాట్లాడింది ఏమిటి? బతికి ఉంటే... పుట్టీ, తెడ్డూ, ముగ్గురు మగవాళ్ళూ గట్టుమీదే ఉన్నారు కదా.

వదిన ఒక్కసారే అడిగింది. నా మొహం చూడకుండా అడిగింది.

"నిజం చెప్పు శీనయ్యా. పిలిచినప్పుడు పానం ఉండెనా?"

"తెల్వదు వదినా."

ఇప్పుడు అన్నం వేళకు వదిన ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వచ్చి భుజం తడుతుంది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ కేకేసి పిలవరు.